ఆర్మీ హెలికాప్టర్లు: అందరూ అడిగే ప్రశ్నలు, జవాబులు

సైన్యంలో చేరాలని తెల్లారుజామునే పరుగులు తీసే కుర్రాళ్ళు, కొడుకుని సరిహద్దుకి పంపి ఫోన్ కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు, టీవీలో ప్రమాదం వార్త చూసి కంగారుపడేవాళ్ళు కొన్నేళ్ళుగా నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే వాళ్ళు అడిగిన మాటల్లోనే రాసి ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. మన దేశపు సైన్యం గురించే రాశాను. మా మామయ్య సియాచిన్‌లో పనిచేసి వచ్చాడు. ఆయన చెప్పిన సంగతులు కూడా ఒకటి రెండు చోట్ల కలిపాను.

## మొదట్లో వచ్చే సందేహాలు

ఆర్మీకి సొంత హెలికాప్టర్లు ఉంటాయా? అవన్నీ ఎయిర్‌ఫోర్స్‌వి కాదా?

ఉంటాయి. ఆర్మీ ఏవియేషన్ కోర్ అని సైన్యంలోనే ఒక విభాగం ఉంది. చీతా, చేతక్, ధ్రువ్, రుద్ర, ప్రచండ్, ఈ మధ్య వచ్చిన అపాచీలు దాని చేతిలో ఉన్నాయి. పెద్ద బరువులు మోసే ఎంఐ-17, చినూక్ లాంటివి ఎయిర్‌ఫోర్స్‌వి. అవి కూడా రోజూ ఆర్మీ కోసమే ఎగురుతుంటాయి కాబట్టి చూసేవాళ్ళకి తేడా తెలియదు.

రెండు చోట్లా ఎందుకంటే, కొండ మీద ఉన్న బ్రిగేడ్ కమాండర్‌కి పది నిమిషాల్లో హెలికాప్టర్ కావాలి. ఆయన పిలిస్తే పలికేది, ఆయన నేలని, ఆయన మనుషుల్ని తెలిసిన పైలట్ నడిపేది కావాలి. చిన్న హెలికాప్టర్లు ఆర్మీకే ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

ఆర్మీ ఏవియేషన్ ఎప్పుడు మొదలైంది?

విడిగా కోర్ అయింది 1986 నవంబర్ 1న. దాని మూలాలు ఇంకా పాతవి. ఫిరంగి గుండు ఎక్కడ పడిందో నేల మీద నుంచి చూస్తే కనపడదు. చిన్న విమానంలో పైకెళ్ళి చూసి "కొంచెం ఎడమకి, ఇంకో వంద గజాలు ముందుకి" అని రేడియోలో చెప్పే ఆర్టిలరీ ఆఫీసర్లు ఉండేవాళ్ళు. వాళ్ళని ఎయిర్ ఓపీ అనేవారు. 1947లో మన సైన్యానికి ఆ పని చేసే చిన్న దళం ఉండేది. నలభై ఏళ్ళ తర్వాత అదే విడి కోర్‌గా ఎదిగింది.

విమానాలు ఉండగా హెలికాప్టర్ ఎందుకు?

విమానానికి రన్‌వే కావాలి. హెలికాప్టర్‌కి మన ఊళ్ళో ధాన్యం ఎండబోసే కళ్ళమంత జాగా ఉంటే చాలు. గాల్లో ఒకేచోట నిలబడగలదు, వెనక్కి జరగగలదు, చెట్ల మాటున దాక్కుని ఒక్కసారి పైకి లేచి చూడగలదు. బదులుగా వేగం పోతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, మోయగలిగే బరువు తగ్గుతుంది. ఎక్కడైనా దిగగలగడం కోసం ఈ మూడూ వదులుకోవాల్సిందే.

యుద్ధంలో హెలికాప్టర్‌ని మొదట దేనికి వాడారు? బాంబులు వేయడానికేనా?

కాదు, మనుషుల్ని కాపాడటానికి. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవుల్లో ఒక చిన్న అమెరికన్ విమానం కూలిపోయింది. పైలట్‌తో పాటు గాయపడ్డ ముగ్గురు బ్రిటిష్ సైనికులు జపాన్ దళాల వెనక చిక్కుకుపోయారు. అస్సాంలోని లాలాఘాట్ నుంచి బయల్దేరిన సికోర్‌స్కీ ఆర్-4 అనే బుల్లి హెలికాప్టర్ వాళ్ళని ఒక్కొక్కళ్ళనే బయటికి తెచ్చింది. పైలట్ కాక ఇంకొక్క మనిషినే మోయగలిగేది అది. యుద్ధరంగం నుంచి హెలికాప్టర్ మనిషిని తేవడం అదే మొదలు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే ఇవాళ్టికీ మన సైన్యంలో జవాన్లు హెలికాప్టర్‌ని తలుచుకునేది ఆ పనికే.

## ఏది ఏ పనికి

చేతక్, చీతా, ధ్రువ్, రుద్ర, ప్రచండ్... పేర్లన్నీ కలిసిపోతున్నాయి. తేడా ఏంటి?

చేతక్, చీతా రెండూ ఫ్రెంచి డిజైన్లు. లైసెన్సు తీసుకుని బెంగళూరులో ప్రభుత్వ విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసింది. ఒక్క ఇంజిన్ ఉండే తేలికపాటివి. చేతక్ శరీరం కాస్త పెద్దది. చీతా దాని అన్నదమ్ముల్లోదే కానీ ఒళ్ళు తగ్గించుకుని కొండలెక్కడానికి తయారైంది. తోక భాగం ఇనప కమ్మీల చట్రంలా బయటికే కనపడుతుంది, గుర్తుపట్టడం తేలిక.

ధ్రువ్ మన సొంత డిజైన్. 1992 ఆగస్టులో మొదటిసారి ఎగిరింది, 2002 నుంచి సేవలో ఉంది. రెండు ఇంజిన్లు, ఐదున్నర టన్నుల తరగతి. మనుషుల్ని, సామాన్లని, స్ట్రెచర్లని మోసే అన్ని పనులకీ వాడతారు.

అదే ధ్రువ్‌కి ఆయుధాలు బిగిస్తే రుద్ర. ప్రచండ్ మాత్రం మొదటి నుంచీ దాడి కోసమే గీసిన హెలికాప్టర్. రోటరు (పైన గిర్రున తిరిగే రెక్కలు), ఇంజిన్లు ధ్రువ్ నుంచి తీసుకున్నా ఒళ్ళంతా కొత్తది.

రుద్ర ఉండగా మళ్ళీ ప్రచండ్ ఎందుకు?

రుద్ర వెడల్పు ఎక్కువ. పైలట్లిద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, వెనక మనుషులకి చోటుంటుంది. ప్రచండ్‌లో ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. ముందు నుంచి చూస్తే సన్నగా కనపడుతుంది కాబట్టి శత్రువు తుపాకీకి దొరికే జాగా తక్కువ. 20 మిల్లీమీటర్ల తుపాకీ, 70 మిల్లీమీటర్ల రాకెట్లు, గాల్లోని లక్ష్యాల మీద వేసే మిస్ట్రల్ క్షిపణులు దానికి ఉన్నాయి. తుపాకీ పైలట్ హెల్మెట్ ఎటు తిరిగితే అటు తిరుగుతుంది.

కార్గిల్ యుద్ధంలో అంత ఎత్తున పోరాడగల దాడి హెలికాప్టర్ మన దగ్గర లేదు. ఆ లోటు తీర్చడానికే దీన్ని కట్టారు. 2010 మార్చి 29న మొదటిసారి ఎగిరింది, 2015లో సియాచిన్ హెలిప్యాడ్ల మీద దిగి చూపించింది. 2022 అక్టోబర్ 3న జోధ్‌పూర్‌లో ఎయిర్‌ఫోర్స్‌లోకి తీసుకున్నారు. ఆర్మీ మొదటి యూనిట్ అస్సాంలోని మిస్సమారిలో ఉంది. 2025 మార్చిలో 156 ప్రచండ్‌లకి ఒప్పందం కుదిరింది, అందులో 90 ఆర్మీవే.

అపాచీ హైదరాబాద్‌లో తయారవుతుందంటున్నారు. నిజమేనా?

మొత్తం హెలికాప్టర్ కాదు, దాని శరీరం. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ 2018 నుంచి అపాచీ శరీరాలు తయారుచేసి పంపుతోంది. ప్రపంచంలో ఇతర దేశాలు కొనే అపాచీలకి కూడా అక్కడి నుంచి వెళ్తాయి. ఇంజిన్లు, రాడార్, ఆయుధాలు బిగించి పూర్తి చేసేది అమెరికాలో.

ఎయిర్‌ఫోర్స్ 22 అపాచీలు కొంది, వాటిలో మొదటివాటిని 2019 సెప్టెంబర్‌లో పఠాన్‌కోట్‌లో ప్రవేశపెట్టారు. ఆర్మీ తన కోసం విడిగా 6 కొంది. మొదటి మూడూ 2025 జూలై 22న హిండన్‌లో దిగాయి. వాటి స్క్వాడ్రన్ జోధ్‌పూర్‌లో. ట్యాంకుల్ని వేటాడటమే అపాచీ ప్రత్యేకత, అందుకే ఎడారి దగ్గర పెట్టారు.

హెలికాప్టర్ నుంచి ట్యాంకుల మీద వేసే మన క్షిపణి హెలినా కూడా హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో పుట్టిందే. 2022 ఏప్రిల్‌లో ధ్రువ్ నుంచి ప్రయోగించి పరీక్షించారు. ఆదిభట్ల బస్సు ఎక్కి పనికెళ్ళే మన పిల్లల చేతుల మీదుగా ఇవన్నీ సరిహద్దు దాకా వెళ్తున్నాయని చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది.

చినూక్‌కి మాత్రం తోకలో చిన్న ఫ్యాన్ లేదేంటి?

పైన రోటర్ ఒకవైపు తిరిగితే హెలికాప్టర్ ఒళ్ళు రెండోవైపు తిరిగిపోవాలని చూస్తుంది. తోకలో చిన్న రోటర్ పక్కకి తోస్తూ ఆ తిరుగుడుని ఆపుతుంది. చినూక్‌కి ముందొకటి, వెనకొకటి రెండు పెద్ద రోటర్లున్నాయి. అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి ఒకదాని తిప్పుడుని ఇంకొకటి కొట్టేస్తుంది, తోక ఫ్యాన్ అక్కర్లేదు. ఇంజిన్ శక్తి అంతా బరువు ఎత్తడానికే పోతుంది. దాదాపు 10 టన్నులు మోస్తుంది. ఎం-777 ఫిరంగి నాలుగు టన్నుల పైచిలుకు ఉంటుంది. దాన్ని తాళ్ళతో కింద వేలాడదీసి, రోడ్డు లేని కొండ మీదికి తీసుకెళ్ళి పెడుతుంది. మన 15 చినూక్‌లూ ఎయిర్‌ఫోర్స్‌వే.

## మంచుకొండల మీద

సియాచిన్‌లో హెలికాప్టర్ నడపడం అంత కష్టమా? పైకెళ్తే ఏమవుతుంది?

18,000 అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి మన విశాఖ బీచ్‌లో ఉండేదానిలో సగమే. రోటర్ రెక్కలకి పట్టుకోవడానికి గాలి సగం, ఇంజిన్ పీల్చుకోవడానికీ గాలి సగం. అంటే ఎత్తే శక్తి రెండు వైపుల నుంచీ తగ్గిపోతుంది. కింద నలుగురిని, సామాన్లని అవలీలగా మోసే చీతా, ఎత్తైన పోస్టుల దగ్గర ఒకటో రెండో జెర్రీ క్యాన్ల కిరోసిన్‌తో దిగుతుంది. 20 లీటర్ల కిరోసిన్ క్యాను ఒకటి 17, 18 కిలోలు. దానికోసం ఒక హెలికాప్టర్, ఇద్దరు పైలట్లు.

అందుకే అక్కడ పైలట్ల ఆలోచనంతా బరువు చుట్టూనే. ఇంధనం కూడా వెళ్ళి రావడానికి సరిపడా, కాస్త అదనం, అంతే పోసుకుంటారు. అక్కర్లేని సీట్లు, తలుపులు తీసేస్తారు. ఎండెక్కితే గాలి ఇంకా పలచబడుతుంది, కాబట్టి తెల్లవారగానే మొదలుపెట్టి మధ్యాహ్నం లోపే ముగిస్తారు. పోస్టు దగ్గరికి వచ్చాక "ఇంజిన్‌లో ఇంకా ఎంత మిగిలింది" అని చూసుకుంటారు. మిగల్లేదనిపిస్తే దిగకుండా పక్కకి జారిపోవాలి. ఆ జారిపోయే దారి ముందే చూసి పెట్టుకోని పైలట్ అక్కడ ఎగరకూడదు.

గాలి కనపడదు. శిఖరం ఒక పక్క పైకి తోస్తే, దాటిన మరుక్షణం రెండో పక్క కిందికి లాగుతుంది. నేలా ఆకాశం రెండూ తెల్లగా ఉన్న రోజు ఎంత ఎత్తున ఉన్నామో కంటికి తెలియదు. పోస్టు జవాన్లు మంచు మీద రంగు గుడ్డో, ఖాళీ డబ్బాలో పెట్టి ఉంచితే, పైలట్ కంటికి ఆసరా అదే.

హెలికాప్టర్ పోస్టు దగ్గర దిగాక ఇంజిన్ ఆపరంట, ఎందుకు?

ఆ చలిలో, ఆ పలచటి గాలిలో ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదో నమ్మకం లేదు. స్టార్ట్ కాకపోతే హెలికాప్టరూ, పైలట్లూ అక్కడే ఇరుక్కుంటారు. శత్రువు ఫిరంగి గురి చూసుకునే వ్యవధి కూడా ఇవ్వకూడదు.

మా మామయ్య చెప్పినది ఇలా ఉంటుంది. ముందు శబ్దం వస్తుంది, లోయలో ప్రతిధ్వనిస్తూ ఏ పక్క నుంచో తెలియకుండా. వెంటనే ఫైబర్ గుడిసెలోంచి నలుగురు బయటికొచ్చి హెలిప్యాడ్ మీద రాత్రి పడిన మంచుని బూట్లతో తొక్కి గట్టి చేస్తారు. లేకపోతే రెక్కల గాలికి మంచు పొడి లేచి పైలట్‌కి ఏమీ కనపడదు. చీతా మోపీ మోపనట్టు దిగుతుంది, స్కిడ్ల (చక్రాల బదులు ఉండే గొట్టపు కాళ్ళ) మీద పూర్తి బరువు వేయదు. వంగి ఎదురుగానే, పైలట్‌కి కనపడేలా వెళ్ళాలి, తోక వైపు పోవడం చావుని పిలుచుకోవడమే. క్యాన్లు దించాలి, ఉత్తరాల సంచీ తీసుకోవాలి, సెలవు మీద వెళ్ళేవాడుంటే ఎక్కించాలి. పైలట్ బొటనవేలు పైకెత్తుతాడు, అంతే. నిమిషం కూడా పట్టదు. "ఆ శబ్దం పోయాక నిశ్శబ్దం చెవుల్లో గుచ్చుకునేదిరా" అనేవాడు.

అంత పాత చీతాలనే ఇంకా ఎందుకు నడుపుతున్నారు?

ఆ ఎత్తుకి దీన్ని మించినది చాలా ఏళ్ళు లేదు. చీతాకి మాతృక అయిన ఫ్రెంచి లామా 1972లో 12,442 మీటర్ల ఎత్తుకి ఎగిరి ప్రపంచ రికార్డు పెట్టింది. కొండల మీద దాని సత్తా గురించి అనుమానం అక్కర్లేదు.

కానీ ఆ డిజైన్‌కి వయసు మీద పడింది. ఇంజిన్ ఒక్కటే. మేఘంలో చిక్కుకున్నప్పుడు పైలట్‌కి ఆసరాగా ఉండే ఆటోపైలట్ లాంటి సాధనాలు లేవు. పాత శరీరానికి కొత్త ఇంజిన్ పెట్టి చీతల్ అని చేశారు, కొంత మేలు జరిగింది. అసలు బదులు హెచ్‌ఏఎల్ తయారుచేసిన లైట్ యుటిలిటీ హెలికాప్టర్. 2016 సెప్టెంబర్‌లో మొదటిసారి ఎగిరింది. కర్ణాటకలోని తుమకూరులో దానికోసం కట్టిన ఫ్యాక్టరీని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. ఈ మార్పు పదేళ్ళ ముందే జరిగి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం. ఆలస్యానికి మూల్యం చెల్లిస్తున్నది పైలట్ల కుటుంబాలు.

గాయపడ్డ జవానుని ఎలా దించుతారు?

రేడియోలో కబురొస్తుంది: మనిషి పరిస్థితి, ఎక్కడున్నాడు, అక్కడ గాలి ఎటు. చీతా అయితే స్ట్రెచర్ బిగిస్తారు, లేదా కూర్చోగలిగితే వెనక సీట్లో కూర్చోబెడతారు. ధ్రువ్ అయితే ఒకేసారి ఇద్దరు ముగ్గురిని పడుకోబెట్టొచ్చు. దిగే వీలు లేని చోట వించి తాడుతో పైకి లాగుతారు.

సియాచిన్‌లో తూటా దెబ్బల కంటే ఎత్తు వల్ల వచ్చే జబ్బులే ఎక్కువ. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే మందు కంటే ముందు చేయాల్సింది మనిషిని కిందికి తేవడం. నడిపించి తేవడానికి రోజులు పడుతుంది, హెలికాప్టర్‌లో నిమిషాలు. 1984 ఏప్రిల్ 13న మన జవాన్లని బిలాఫాండ్ లా అనే కనుమ దగ్గర దింపిన రోజు నుంచీ ఆ హిమనదం మీద సైన్యం నిలబడి ఉందంటే, దానికి ఆధారం ఈ చిన్న హెలికాప్టర్లే.

## యుద్ధం మొదలయ్యాక

హెలికాప్టర్లతో శత్రువు వెనక సైనికుల్ని దింపడం సినిమాల్లో చూస్తాం. నిజంగా జరిగిందా?

జరిగింది. ఒకటి గొప్పగా గెలిచింది, ఒకటి ఘోరంగా దెబ్బతింది. రెండూ తెలుసుకోవాలి.

1971 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం. ఢాకా వైపు దూసుకెళ్తున్న మన దళాలకి మేఘనా నది అడ్డం వచ్చింది. అషుగంజ్ దగ్గరి వంతెనని పాకిస్తాన్ సైన్యం పేల్చేసింది. లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ ఆగలేదు. తన దగ్గరున్న కొద్దిపాటి ఎంఐ-4 హెలికాప్టర్లతో డిసెంబర్ 9 నుంచి రాత్రీ పగలూ జవాన్లని నది దాటించాడు. శత్రువు వంతెన కూల్చేశామన్న ధీమాతో కూర్చుంటే, మనవాళ్ళు అవతలి గట్టున తేలారు. వారం తిరిగేసరికి, డిసెంబర్ 16న, ఢాకా లొంగిపోయింది.

1987 అక్టోబర్ 11 రాత్రి, శ్రీలంకలోని జాఫ్నా. ఎల్‌టీటీఈ నాయకత్వాన్ని పట్టుకోవాలని కమాండోలని, సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లని విశ్వవిద్యాలయం దగ్గర ఎంఐ-8లతో దింపారు. అవతలివాళ్ళకి ముందే తెలిసిపోయింది. కాల్పులకి హెలికాప్టర్లు దెబ్బతిని తర్వాతి విడతలు రాలేకపోయాయి. దిగిన 30 మంది సిఖ్ జవాన్లు ఒంటరిగా మిగిలారు. 29 మంది చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు.

మేఘనా దగ్గర ఎవరూ ఎదురుచూడని చోట దిగారు, జాఫ్నాలో శత్రువు కాచుకున్న చోట దిగారు. పైగా దింపినవాళ్ళకి వెనక సాయం అందే దారి లేకపోయింది.

దిగకుండా తాడు మీద జారుతారే, దాన్నేమంటారు?

మన సైన్యంలో స్లిదరింగ్ అంటారు. హెలికాప్టర్ దిగే జాగా లేనప్పుడు, ఇంటి కప్పు మీదో అడవిలో చెట్ల మధ్యో పైన నిలబడుతుంది. జవాన్లు లావుపాటి తాడుని గ్లౌజులతో పట్టుకుని సర్రున జారిపోతారు. అంతసేపూ హెలికాప్టర్ కదలకుండా ఉండాలి కాబట్టి అందరికంటే టెన్షన్ పైలట్‌కే.

కార్గిల్‌లో మన హెలికాప్టర్‌ని కూల్చేశారు కదా, ఏం జరిగింది?

1999 మే 28న తోలోలింగ్ శిఖరం మీద రాకెట్లతో దాడికి వెళ్ళిన ఎంఐ-17ల్లో ఒకదాన్ని భుజం మీద నుంచి పేల్చే స్టింగర్ క్షిపణి కూల్చింది. నలుగురు వైమానిక సిబ్బంది చనిపోయారు. అలాంటి క్షిపణి ఇంజిన్ వేడిని వెతుక్కుంటూ వస్తుంది. దాన్ని దారి మళ్ళించడానికి మంటల్లాంటి ఫ్లేర్లు వదులుతారు. ఆ హెలికాప్టర్‌కి అవి లేవు. పైగా శత్రువు శిఖరాల మీద ఉన్నాడు, హెలికాప్టర్ అతని కంటికి ఎదురుగా ఎగరాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎంఐ-17లని దాడులకి పంపడం ఆపేశారు. చీతాలు మాత్రం గాయపడ్డవాళ్ళ కోసం యుద్ధం అయ్యేదాకా ఎగురుతూనే ఉన్నాయి.

డ్రోన్లు వచ్చాక హెలికాప్టర్ల పని అయిపోయినట్టేనా?

కొన్ని పనులు నిజంగానే చేతులు మారుతున్నాయి. కొండ అవతల ఏముందో చూసి రావడానికి, ఫిరంగి గుండు ఎక్కడ పడిందో చెప్పడానికి ఇవాళ మనిషిని పంపక్కర్లేదు. ఆర్మీ ఏవియేషన్ కోర్ పుట్టిందే ఆ పని కోసం అయినా సరే, అది డ్రోన్‌కి ఇచ్చేయడమే మంచిది. ఉక్రెయిన్ యుద్ధంలో భుజం మీది క్షిపణులకి హెలికాప్టర్లు ఎలా దొరికిపోయాయో లోకమంతా చూసింది.

కానీ రక్తం కారుతున్న జవానుని డ్రోన్ మీద పడుకోబెట్టి తెచ్చే రోజు ఇంకా మన సరిహద్దులకి రాలేదు. ఇరవై మందిని కొండ మీదికి చేర్చడం, ఫిరంగి మోయడం కూడా అంతే. దాడి హెలికాప్టర్లు మాత్రం ఇకపై దూరం నుంచి, కొండ మాటు నుంచి కొట్టడం నేర్చుకోవాల్సిందే.

## ప్రమాదాలు, సహాయాలు

గాల్లో ఇంజిన్ ఆగిపోతే రాయిలా పడిపోతుందా?

వెంటనే పడిపోదు. పైలట్ రెక్కల వంపు తగ్గించి హెలికాప్టర్‌ని కిందికి జారనిస్తాడు. కింది నుంచి దూసుకొచ్చే గాలికి రోటర్, రంగులరాట్నంలా, ఇంజిన్ లేకుండానే తిరుగుతూ ఉంటుంది. నేల దగ్గరికి వచ్చాక ఆ తిరుగుడులో దాచిన శక్తిని ఒక్కసారి వాడి మెల్లగా దింపుతాడు. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. ప్రతి పైలట్ శిక్షణలో ఇది పదే పదే చేయాల్సిందే.

చిక్కు ఎక్కడంటే, దానికి కాస్త ఎత్తో వేగమో చేతిలో ఉండాలి, కింద సమంగా నేల ఉండాలి. పోస్టు పక్కన నిలబడ్డట్టు ఎగురుతున్నప్పుడు ఇంజిన్ ఆగితే రెండూ ఉండవు.

ఆర్మీ హెలికాప్టర్లు ఇన్ని కూలుతున్నాయేంటి? మన పిల్లల ప్రాణాలంటే లెక్కలేదా?

ఈ ప్రశ్న కోపంతో అడుగుతారు, ఆ కోపం న్యాయమైనదే. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ చనిపోయాడు. 2023 మార్చి 16న అరుణాచల్‌లోని బొమ్డిలా ప్రాంతంలో కూలిన చీతాలో తెలంగాణకి చెందిన లెఫ్టినెంట్ కల్నల్ వినయ్ భాను రెడ్డి, ఆయన సహ పైలట్ చనిపోయారు. అదే ఏడాది మే 4న కిష్త్వార్‌లో ధ్రువ్ ప్రమాదంలో సిరిసిల్ల జిల్లా యువ టెక్నీషియన్ పబ్బాల అనిల్ పోయాడు. మూడు ప్రమాదాలు, మూడూ మన ఇళ్ళదాకా వచ్చాయి.

కారణాలు ఒక్కటి కావు. కూనూరులో కూలింది ఎయిర్‌ఫోర్స్ ఎంఐ-17. వాతావరణం అకస్మాత్తుగా మారి మేఘంలోకి వెళ్ళడంతో పైలట్‌కి దిక్కు తెలియక, బాగా పనిచేస్తున్న హెలికాప్టరే కొండకి తగిలిందని విచారణలో తేలింది. కొండల్లో మేఘం అంత ప్రమాదకరం. చీతాల విషయంలో వయసు, సాధనాల కొరత అడ్డంకులు. ధ్రువ్‌ది ఇంకో కథ: 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలాక మొత్తం ధ్రువ్‌లన్నిటినీ నేల మీద నిలిపేశారు. రోటర్‌ని అదుపు చేసే భాగం విరిగినట్టు తేలింది. నెలల తరబడి తనిఖీ చేసి, మే నెలలో ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్‌వి మళ్ళీ ఎగరనిచ్చారు. ఆ నాలుగు నెలలూ పోస్టుల భారం మిగిలిన పాత హెలికాప్టర్ల మీదే పడింది.

అంత ఎత్తున, ఆ వాతావరణంలో రోజూ ఎగిరితే ముప్పు పూర్తిగా పోదు. కానీ పాతవి సమయానికి మార్చడం, కొత్తవాటిలో లోపం కనపడగానే దాచకుండా ఆపడం మాత్రం మన చేతుల్లో ఉన్న పనులే.

వరదలప్పుడు మన ఊళ్ళకి వచ్చేవి ఆర్మీవేనా?

ఎక్కువసార్లు ఎయిర్‌ఫోర్స్‌వి, తీరంలో అయితే నేవీవి. 2021 నవంబర్‌లో అనంతపురం జిల్లా చిత్రావతి నదిలో వరద మధ్య జేసీబీ మీద నిలబడ్డ 10 మందిని తీసుకొచ్చింది ఎయిర్‌ఫోర్స్ ఎంఐ-17. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచిన విజయవాడలో ఆహార పొట్లాలు జారవిడిచినవి ఎయిర్‌ఫోర్స్, నేవీ హెలికాప్టర్లు. రాష్ట్ర ప్రభుత్వం అడిగితే కేంద్రం పంపుతుంది. మీ మేడ మీదికి వస్తే ఒక్కటే జాగ్రత్త: రేకులు, టార్పాలిన్లు, బట్టలు ముందే తీసేయండి. రెక్కల గాలికి అవి లేచి రోటర్‌కి చుట్టుకుంటే అందరి ప్రాణాలకీ ముప్పు.

## చేరాలనుకునేవాళ్ళకి, ఎదురుచూసేవాళ్ళకి

ఆర్మీ హెలికాప్టర్ పైలట్ అవ్వాలంటే ఏం చేయాలి?

ముందు ఆర్మీ ఆఫీసర్ కావాలి: ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ పరీక్ష, డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్ష లాంటి దారులున్నాయి. చాలామంది ముందు వేరే విభాగంలో చేరి, తర్వాత ఏవియేషన్‌కి వస్తారు. పైలట్‌గా పనికొస్తారో లేదో చూసే సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. అది జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, తప్పితే ఇంకెప్పుడూ అవకాశం లేదు. కాబట్టి సరదాగా ఒకసారి చూద్దామని వెళ్ళొద్దు. కంటి చూపు, కాళ్ళ పొడవు లాంటి వైద్య కొలతలు కూడా కఠినంగా ఉంటాయి. ఎంపికైతే శిక్షణ మహారాష్ట్రలోని నాసిక్ రోడ్‌లో. మన హకీంపేటలో ఉన్న హెలికాప్టర్ స్కూల్ ఎయిర్‌ఫోర్స్‌ది, రెండూ కలిపేసుకోవద్దు.

మా అమ్మాయికి అవకాశం ఉందా?

ఉంది. 2022 మే 25న కెప్టెన్ అభిలాషా బరాక్ నాసిక్‌లో వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) అందుకుని ఆర్మీ ఏవియేషన్‌లో మొదటి మహిళా కాంబాట్ ఏవియేటర్, అంటే యుద్ధ పైలట్, అయ్యారు. అంతకుముందు ఆమె ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో ఆఫీసర్.

ఆఫీసర్ కాకుండా హెలికాప్టర్ల మీద పనిచేయొచ్చా?

చేయొచ్చు. హెలికాప్టర్ ఎగరాలంటే దాని వెనక టెక్నీషియన్ల చేతులుండాలి. ఆర్మీలో ఆ పని యంత్రాలు బాగుచేసే విభాగమైన ఈఎంఈ కోర్‌ది, దాని పెద్ద కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్ళు అగ్నివీర్ టెక్నికల్ దారిలో ప్రయత్నించవచ్చు. తెల్లవారుజామున గడ్డకట్టిన చేతులతో ప్రతి నట్టూ తడిమి చూసి, "ఎగరొచ్చు" అని సంతకం పెట్టేది టెక్నీషియనే. చాలాసార్లు అదే హెలికాప్టర్‌లో తనూ ఎక్కుతాడు.

మా అబ్బాయికి సెలవు వచ్చింది, కానీ పది రోజులైనా కిందికి రాలేదు. ఫోన్ కూడా లేదు. ఏమైనా జరిగిందా అమ్మా అని భయంగా ఉంది?

చాలావరకు కారణం వాతావరణమే. ఎత్తైన పోస్టుల నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళు హెలికాప్టర్ కోసం ఎదురుచూడాలి. మంచు తుఫాను ఉంటే వరసగా రోజులపాటు ఒక్కటీ ఎగరదు. తెరిపి ఇచ్చాక కూడా ముందు జబ్బుపడ్డవాళ్ళు, తర్వాత కిరోసిన్, తిండి, ఆ తర్వాతే సెలవువాళ్ళు. మా మామయ్య ఒకసారి పెట్టె సర్దుకుని పన్నెండు రోజులు కూర్చున్నాడట. పదమూడో రోజు పొద్దున శబ్దం వినపడితే బూట్ల తాళ్ళు కూడా కట్టుకోకుండా పరిగెత్తాడు. రైలు టిక్కెట్టు ముందే కొనేసి ఉంటే రద్దు చేయించండి, అబ్బాయి బేస్ క్యాంపుకి చేరి ఫోన్ చేశాక మళ్ళీ తీసుకోవచ్చు. మరీ ఆందోళనగా ఉంటే అతని యూనిట్ చిరునామాకి రాసి అడగొచ్చు, లేదా మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. అబ్బాయి సర్వీసు నంబరు, యూనిట్ పేరు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.